డిఫెండర్ హ్యాండ్‌బ్రేక్ పట్టుకుంటోంది, మీ అందరికీ థ్యాంక్స్

మా పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ హ్యాండ్‌బ్రేక్ ఎంత లాగినా బండి జారిపోతోంది, ఏం చేయాలని అడిగినప్పుడు ఓపిగ్గా చెప్పిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. బండి ఇప్పుడు వాలులో, న్యూట్రల్‌లో పెట్టినా, టైరు కింద రాయి లేకుండానే నిలబడుతోంది.

ఈ బండి సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. దీని హ్యాండ్‌బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ బాక్స్ (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) వెనకాల ఒక డ్రమ్ ఉంటుంది, అందులోని షూలు (రాపిడితో పట్టే బ్రేక్ ముక్కలు) వెనక చక్రాలకి శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని పట్టి ఆపుతాయి. ఆ డ్రమ్ మధ్యలోనే బాక్స్‌లోని ఆయిల్ బయటికి రాకుండా ఆపే అవుట్‌పుట్ షాఫ్ట్ ఆయిల్ సీల్ కూడా ఉంటుంది కాబట్టి సీల్ కారిందంటే ఆయిల్ తిన్నగా షూల మీదకే. గ్యారేజీలో చూపించినప్పుడల్లా షూలు పోయాయి, మార్చేద్దాం అనేవారు, మార్చాక కొన్నాళ్లు బాగానే ఉండేది, ఆ తర్వాత లివర్ పైదాకా లాగినా జారడం మామూలే.

"షూల సంగతి తర్వాత, డ్రమ్ విప్పి లోపల తడి ఉందేమో చూడు" అన్న పెద్దాయనకి నిజంగా దండం పెట్టాలి. విప్పితే లోపలంతా దుమ్మూ ఆయిలూ కలిసిన నల్లటి ముద్ద. సీల్ ఆనే చోట ఫ్లాంజ్ (షాఫ్ట్ చివర బిగించే లోహపు ముక్క) మీద చుట్టూ గాడి, గోరు పెట్టి లాగితే ఆగేంత లోతు, ఆ గాడి మీద ఎంత కొత్త సీల్ వేసినా మళ్లీ కారడం ఖాయం, అందుకే ఫ్లాంజ్ కూడా మార్చాం. ఇక ట్రాన్స్‌ఫర్ బాక్స్ బ్రీతర్ పైపు (లోపలి గాలి బయటికి పోయే సన్న గొట్టం) చూడమన్న తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే మట్టితో పూర్తిగా మూసుకుపోయి ఉంది, బాక్స్ వేడెక్కితే లోపలి గాలికి దారి లేక ఆయిల్‌ని సీల్ మీదకి తోస్తోంది. అసలు జబ్బు అదీ!

ఇవన్నీ సరిచేశాకే డ్రమ్ బదులు డిస్క్‌ని ప్యాడ్లు పట్టి ఆపే డిస్క్ కిట్ వేశాం, కొత్త కేబుల్‌తో సహా. డ్రమ్ చాలు, డిస్క్ దండగ అన్నవాళ్ల మాటా కొట్టిపారేయను, పొడి రోడ్ల మీద తిరిగే బండికి మంచి షూలు, సరైన అడ్జస్ట్‌మెంట్ చాలు. మాది బురదలోనూ నీళ్లలోనూ దిగే బండి, డ్రమ్‌లో చేరిన బురద అక్కడే కూర్చుని షూలని అరగదీస్తుంది, డిస్క్ మీద అలా నిలవదు. కానీ సీల్ కారుతుండగా డిస్క్ వేసినా ప్యాడ్లకి పట్టేది ఆయిలే.

లివర్ లాగాక బండి కాస్త ఊగి ఆగడం మాత్రం పోలేదు, అది షాఫ్ట్‌లోనూ డిఫరెన్షియల్‌లోనూ (రెండు పక్కల చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) ఉండే ప్లే, అంటే కాస్త వదులు, బ్రేక్ తప్పు కాదు. ఇంకోటి, డిస్క్ వేశాం కదా అని వెనక చక్రం జాకీ మీద లేపి హ్యాండ్‌బ్రేక్‌ని నమ్ముకోకండి, లేచిన చక్రం వెనక్కి తిరిగి బండి కదిలిపోతుంది, టైర్లకి అడ్డు పెట్టాల్సిందే.

పాత డ్రమ్, దాని షూలు బిగించే బ్యాక్‌ప్లేట్ శుభ్రం చేసి ఉంచాను, కావాల్సినవాళ్లు ఊరికే తీసుకోండి. షూలు మాత్రం అడక్కండి.