యంగ్ అడల్ట్ అరలో 'శాడ్ ఎండింగ్' స్టిక్కర్లు తీసేస్తున్నాం

తార్నాకలోని మన అద్దె లైబ్రరీ సభ్యులకు, ముఖ్యంగా పిల్లల కోసం నవలలు తీసుకెళ్లే అమ్మానాన్నలకు: ఈ నెల నుంచి యంగ్ అడల్ట్ (టీనేజీ పిల్లల నవలల) అరలో విషాదాంతాలకు అంటించే ఎర్ర స్టిక్కర్ ఉండదు. ఎందుకో చెప్పాలంటే కొన్ని ముగింపులు బయటపెట్టక తప్పదు. వద్దనుకుంటే నేరుగా ఆఖరి రెండు పేరాలు చూడండి.

స్టిక్కర్ లెక్క చాలా మొరటుది. ఎవరైనా చనిపోతే ఎరుపు, లేకపోతే లేదు. 'ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' (2012)లో అగస్టస్ కేన్సర్‌తో పోతాడు. ఏడిపిస్తుంది, నిజమే. కానీ అతను ఏం చేసినా, ఏం చేయకపోయినా ఆ జబ్బు ఆగేది కాదు. 'ద చాక్లెట్ వార్' (1974)లో ఎవరూ చావరు కాబట్టి దానికి స్టిక్కరే లేదు. అందులో స్కూల్లో పెత్తనం చేసే ముఠా, స్కూలు అమ్మిస్తున్న చాక్లెట్లు పది రోజులు అమ్మనని చెప్పమని జెర్రీ అనే విద్యార్థికి పురమాయిస్తుంది. పదో రోజు దాటాక కూడా అతను అమ్మనంటాడు, ఈసారి సొంతంగా. అక్కడి నుంచి మొదలై చివరికి బాక్సింగ్ రింగులో ఒళ్లు హూనమవుతుంది. ఆ స్థితిలో స్నేహితుడికి చెప్పాలనుకునేది కూడా 'ఎదురు తిరగకు, వాళ్లు చెప్పినట్టు చెయ్యి' అనే. మా దృష్టిలో ఈ అర మొత్తంలో అసలు విషాదం ఇదే. అతనిలోని మంచి గుణమే అతణ్ణి రింగులోకి దింపింది. బయటికొచ్చే దారి తెలియదని తెలిసీ పద్మవ్యూహంలోకి వెళ్లిన అభిమన్యుడి కథ విన్న పిల్లలకు ఇది అర్థం కాకపోదు.

మధ్యలో ఇరుక్కునేవీ ఉంటాయి. 'బ్రిడ్జ్ టు టెరబిథియా' (1977)లో తాడు తెగి లెస్లీ వాగులో పడి పోతుంది. అది ప్రమాదమే. కానీ ఆ రోజు టీచర్‌తో వాషింగ్టన్ వెళ్లిన ఆమె స్నేహితుడు జెస్, లెస్లీని కూడా రమ్మందామా అని అడగలేదు. పుస్తకం బరువంతా ఆ అడగకపోవడం మీదే ఉంది. పదేళ్ల పిల్లలకైతే ఇంట్లో పెద్దవాళ్లు కూడా చదివాకే ఇవ్వండి.

ఇకపై స్టిక్కర్ బదులు వెనక అట్ట లోపల మడతపెట్టిన చీటీ ఉంటుంది. అందులో మూడే ప్రశ్నలకు జవాబులు: ఏం పోతుంది, అందులో ఎవరి నిర్ణయం ఎంత, ఆ సంగతి పాత్రకు ఎప్పుడు తెలుస్తుంది. మూడోది విషాద నాటకాల గురించి రాసిన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ నాటి ప్రశ్నే. పిల్లలు చదవకముందు మడత విప్పొద్దు, తర్వాత మీ ఇష్టం.

'థర్టీన్ రీజన్స్ వై' (2007) మాత్రం అరలో దొరకదు, గల్లా దగ్గర అడగాలి. అందులో ఆత్మహత్యను బతికున్నవాళ్లతో లెక్క తేల్చుకునే పనిగా చూపించడం మాకు నచ్చదు. ఇంటర్ ఫలితాల రోజుల్లో అడిగినా ఇవ్వం. పిల్లల మాటల్లో తేడా కనిపిస్తే పుస్తకం సంగతి పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

'ద హంగర్ గేమ్స్' మూడు భాగాలూ ఇకపై ఒకే కట్టగా ఇస్తాం. చెల్లెలు ప్రిమ్‌ను కాపాడటానికే కాట్నిస్ మొదటి భాగంలో చావుబతుకుల పోటీకి ముందుకొస్తుంది, ఆ కాపాడటం ఎంతవరకు నిలిచిందో మూడో భాగంలోనే తెలుస్తుంది. విడివిడిగా తీసుకున్నవాళ్లు రెండో భాగం దగ్గరే ఆగిపోతున్నారు. మూడోదే ముందు తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు దండం. కట్టకు అద్దె 15 రోజులకు 90 రూపాయలు, విడి పుస్తకానికి 10 రోజులకు 40. డిపాజిట్ ముద్రిత ధరలో సగం. నిజం చెప్పాలంటే ఈ అర మీద మిగిలేది తక్కువ, అందుకే అద్దె తగ్గించలేం.

డిపాజిట్ బదులు ఫుట్‌పాత్ మీద కొన్న కాపీ ఇస్తామనేవాళ్లకు ఒక మాట. పైరసీ కాపీల్లో ఆఖరి ఫారం, అంటే 16 పేజీలు, ఎగిరిపోవడం మామూలే. గమ్ పలచగా వేస్తారు, ఎండకు పెళుసెక్కి ముందుగా చివరి పేజీలే ఊడతాయి. ఈ రకం నవలకు ఆ పేజీలు లేకపోతే ఉన్నవాటితో పనిలేదు. పుస్తకాన్ని మధ్యకు తెరిచి వెన్ను నొక్కి చూడండి, పటపటమంటే వద్దు. చివరి 20 పేజీల నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో మేం మీ ఎదుటే చూసి తీసుకుంటాం.