సర్టిఫికెట్ అసలుదే, మరి పని వచ్చా?

సంపాదకుడి గారికి,

సర్టిఫికెట్లను బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఒకసారి ఎక్కిస్తే ఎవరూ చెరపలేని ఉమ్మడి డిజిటల్ రికార్డులో, పెడితే దొంగ డిగ్రీల బెడద తీరిపోతుందని ఈమధ్య తరచూ చదువుతున్నాను. వెల్డర్లకు పరీక్ష పెట్టి, కాగితాలు సరిచూసి పనిలోకి తీసుకోవడం పన్నెండేళ్లుగా నా ఉద్యోగం. ఆ మాటలో సగం నిజమే. మిగతా సగాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి నెల ఒకే రోజు ఇద్దరు పరీక్షకు వచ్చారు. మొదటి కుర్రాడి దగ్గర డిప్లొమా ఉంది. మంచి మార్కులు, సీలు, సంతకం, అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఏటవాలుగా బిగించిన పైపు ముందు నిలబెట్టి ఆర్క్ (లోహాన్ని కరిగించే విద్యుత్ మెరుపు) వెలిగించమంటే ఎలక్ట్రోడ్, అదే వెల్డింగ్ కడ్డీ, పైపుకి అతుక్కుపోయింది. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ అతుక్కుంది. టెన్షన్‌తో చేతులు వణికాయి. తప్పు అతనిది కాదు, చేయించకుండానే పాస్ చేసి పంపినవాళ్లది. రెండో ఆయనకి నలభై దాటాయి, చూపించడానికి ఒక్క కాగితం లేదు. పైపు చుట్టూ ఒకే వేగంతో వెల్డ్ వేసుకొచ్చాడు. చల్లారాక సుత్తితో తడితే పైనున్న స్లాగ్ (వెల్డ్ మీద గట్టిపడే మడ్డి) పెంకులా ఊడొచ్చింది. కింద బీడ్, అంటే వెల్డ్ గీత, నాణేలు వరసగా పేర్చినట్టుంది. ఎక్స్‌రేలో లోపమేమీ కనిపించలేదు. అయినా ఆయన్ని తీసుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఫారంలో విద్యార్హత అనే గడి ఖాళీగా ఉంటే ఫైలు కదలదు.

ఆ కుర్రాడి డిప్లొమా బ్లాక్‌చెయిన్‌లో ఉండి ఉంటే నాకు తెలిసేది ఒక్కటే, అది అసలైనదని. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

ఇంతకీ ఇది పనిచేసే తీరు పెద్ద బ్రహ్మవిద్య కాదు. సర్టిఫికెట్ ఫైలుని ఒక లెక్కలో వేస్తే 64 అంకెలు, అక్షరాల ముద్ర ఒకటి వస్తుంది. ఒక్క మార్కు దిద్దినా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ ముద్రను ఎవరూ చెరపలేని చోట అందరికీ కనబడేలా ఉంచుతారు. ఈ ఆలోచన 1991లోనే స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే పరిశోధకులు రాసిన పత్రంలో ఉంది. 1995 నుంచి వాళ్ల సంస్థ వారానికొకసారి అలాంటి ముద్రని న్యూయార్క్ టైమ్స్‌లో చిన్న ప్రకటనగా వేయించింది. అచ్చయి ఇంటింటికీ చేరిన పేపర్‌ని వెనక్కి తెచ్చి దిద్దడం ఎవరి తరమూ కాదు కదా! పేపర్ చదివే మనకి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ దొరకదు. తర్వాత 2014లో సైప్రస్‌లోని నికోసియా విశ్వవిద్యాలయం బిట్‌కాయిన్ అనే డిజిటల్ కరెన్సీ వాడే బ్లాక్‌చెయిన్ మీద సర్టిఫికెట్లు నమోదు చేసింది. 2017లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం 111 మంది పట్టభద్రులకు ఫోన్‌లో దాచుకునే డిజిటల్ డిప్లొమా ఇచ్చింది.

దీనివల్ల నిజంగా మేలు జరిగే చోటు ఒకటుంది. మా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి చదివిన శిక్షణ కేంద్రం మూతపడింది. సర్టిఫికెట్ నిజమో కాదో చెప్పమని రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. రికార్డులు ఎక్కడికి పోయాయో చెప్పే నాథుడు లేడు. ఆమె చదువు, ఆమె కష్టం, కానీ సాక్ష్యం మాత్రం వేరొకరి బీరువాలో ఉండిపోయింది. ముద్ర బయట ఉండి, ఫైలు ఆమె చేతిలో ఉంటే ఎవర్నీ బతిమాలే పని ఉండేది కాదు.

అయితే ముందు మారాల్సింది సర్టిఫికెట్‌లో రాసే విషయం. మా రంగంలో వెల్డర్ అర్హతపత్రం ఎంత వివరంగా ఉంటుందో చూడండి. ఏ పద్ధతిలో, ఎంత మందం లోహం మీద, ఏ భంగిమలో పరీక్షించారో అందులో ఉంటుంది. 6జీ అని ఉంటే పైపుని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చేయించారని అర్థం. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం (ఏఎస్‌ఎంఈ) కోడ్ ప్రకారం ఆ పద్ధతిలో ఆరు నెలలు పని చేయకపోతే ఆ అర్హత చెల్లదు. డిగ్రీలో ఇవేమీ కనిపించవు. 72 శాతం అంటే ఏం చేయగలడని? ఎవరి ముందు చేశాడు, ఎప్పుడు చేశాడు? వీటికి జవాబు లేని కాగితానికి చెరగని ముద్ర వేస్తే లోపల ఉన్న డొల్లతనం కూడా చెరగకుండా ఉండిపోతుంది.

కాబట్టి విశ్వవిద్యాలయాలకీ, దీని మీద డబ్బు ఖర్చు పెట్టాలనుకునే ప్రభుత్వాలకీ నా మనవి. చేయించి చూసి, చూసింది చూసినట్టు రాయండి. చదువు కాకుండా పనిలోనే నేర్చుకున్నవాళ్లకూ ఆ పరీక్ష రాసే దారి తెరవండి. పేరు, మార్కులు ఎప్పుడూ చెయిన్ మీద పెట్టొద్దు, ముద్ర చాలు. తప్పు పడ్డ వివరాలు అక్కడ చెరిపే వీలుండదు. సర్టిఫికెట్ ఇచ్చే అర్హత ఎవరెవరికి ఉందో ఆ జాబితాని బహిరంగంగా ఉంచండి. సంతకం ఫలానా సంస్థదేనని బ్లాక్‌చెయిన్ చెబుతుంది. ఆ సంస్థని నమ్మొచ్చో లేదో అది చెప్పదు.

రెండో ఆయనకి పరీక్ష ఫలితం రాసి సంతకం పెట్టి ఇచ్చాను. జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మా గేటు దాటితే ఆ కాగితం ఎక్కడా చెల్లదు.

ఇట్లు,
ఒక వెల్డింగ్ పరీక్షకుడు