ఎండలో తీయాల్సిన ఫోటోలు

చిట్టితల్లీ,

ఎలా ఉన్నావు? మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా మనసులో తిరుగుతూనే ఉంది. "ఈ ఎండల్లో తీయడానికేముంది నాన్నా, అంతా ఎండిపోయి పాలిపోయి ఉంది, వానలు పడ్డాక కెమెరా బయటికి తీస్తాలే" అన్నావు. ఫోన్‌లో వాదన ఎందుకని ఊరుకున్నాను కానీ, ఆ మాట నేనొప్పుకోను. పచ్చదనం ఒక్కటే అందమనుకుంటే ఎండాకాలం వెలవెలబోయినట్టే ఉంటుంది. కానీ ఇంత ఎండను తట్టుకుని నిలబడడానికి చెట్టూ పురుగూ పిట్టా ఒక్కోటీ ఏదో ఒకటి చేస్తూ ఉంటాయి. నాకు ఈ కాలంలో కనిపించే అందమంతా అందులోనే ఉంది. నీ కెమెరా పట్టుకోవాల్సింది కూడా దాన్నేనని నా నమ్మకం.

తూనీగ సంగతే చెబుతాను. పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ నీటి ఒడ్డున ఎండుపుల్ల కొసన వాలిన తూనీగను చూడు. తలకిందులుగా నిలబడబోతున్నట్టు తోకను నిలువునా పైకెత్తి, దాని కొసను సూర్యుడి వైపు గురిపెట్టి ఉంటుంది. అన్ని జాతులూ ఇలా చెయ్యవు. చేసేవి మాత్రం ఎండ ముదిరేకొద్దీ తోకను ఇంకా నిక్కిస్తాయి. ఒళ్లంతా ఎండకు అప్పగించకుండా తోక మొనను మాత్రమే ఎదురుపెట్టి, మిగతా ఒంటిని వేడి నుంచి కాపాడుకునే ఉపాయమది. అప్పుడు దాని నీడ కూడా బాగా కుంచించుకుపోతుంది. నిలబడి పైనుంచి తీస్తే ఈ విశేషమేదీ ఫోటోలోకి రాదు. మోకాళ్ల మీద కూర్చుని, దాని కంటి ఎత్తుకు లెన్సు దించి, పక్కనుంచి తియ్యి. వెనకాల దూరంగా చెట్టునీడ పడేట్టు చూసుకుంటే రెక్కల మీది ఈనెలు సన్నని గీతలై తేలతాయి. ఒక అడుగు వేసి ఆగు, కాసేపటికి మరో అడుగు వెయ్యి. ఎగిరిపోయిందని కంగారుపడి వెంటపడకు. చాలాసార్లు తిరిగొచ్చి అదే పుల్ల మీద వాలుతుంది.

వెలుతురు మరీ ఎక్కువని కదా నీ ఫిర్యాదు! దాన్ని వరమనుకో తల్లీ. ఫిలిం వాడే రోజుల్లో మాకొక లెక్క ఉండేది. మబ్బు లేని ఎండలో అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు దూరే కంత, ఎఫ్/16 దగ్గర (బాగా చిన్నగా) పెడితే, షట్టర్ తెరుచుకుని ఉండే సమయం ఫిలిం ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే చురుకుదనం, ఎంతో సెకనులో అన్నో వంతు. అంటే ఐఎస్ఓ 100 అయితే సెకనులో 100వ వంతు. అదే వెలుతురులో అపర్చర్‌ను ఎఫ్/5.6కి తెరిస్తే వేగం సెకనులో 800వ వంతుకు పెరుగుతుంది. చెయ్యి కాస్త వణికినా, కొమ్మ గాలికి ఊగినా బొమ్మ చెదరదు. ఐఎస్ఓ పెంచి బొమ్మంతా ఇసుక చల్లినట్టు చేసుకునే అవసరమే రాదు. ముసురు పట్టిన రోజుల్లో ఈ సుఖం ఎక్కడిది?

ఇక నువ్వు చెప్పిన పాలిపోయిన రంగులు. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకునే తీస్తున్నావని నా అనుమానం. ఒకసారి ఎదురువెలుగులో తీసి చూడు. ఎండాకాలం మొదట్లో రావి చిగురు ఆకుపచ్చగా రాదు, రాగి రంగులో వస్తుంది. లేత ఆకులో పత్రహరితం ఇంకా కుదురుకోక ముందు ఆంథోసయనిన్ అనే ఎర్రటి పదార్థం చేరుతుంది. తీక్షణమైన వెలుతురు నుంచి లేత ఆకుకు అది కాపు అన్నది శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి. ఆ ఆకును ముందు నుంచి తీస్తే నిగనిగలాడుతూ తెల్లటి మెరుపు కొడుతుంది, రంగు తెలియదు. నువ్వు ఆకు నీడలోకి వెళ్లి కింది నుంచి తియ్యి. ఎండ ఆకులోంచి దూసుకొచ్చి, నడిమి ఈనె నుంచి చీలిన చిన్న చిన్న ఈనెల వల, చివర సాగిన ఆ సన్నటి కొస, అన్నీ లోపల దీపం వెలిగించినట్టు కనిపిస్తాయి. లెన్సులోకి ఎండ నేరుగా పడకుండా ఆకునే అడ్డం పెట్టుకో. వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి మాత్రం ఎప్పుడూ చూడకు, కళ్లు పోతాయి.

తురాయి పూస్తే వదలకు. దూరం నుంచి చెట్టంతా ఒకటే ఎరుపు. దగ్గరికి వెళ్తే ఒక్కో పువ్వులో నాలుగు రేకులు ఎర్రగా ఉండి, ఐదోది కాస్త పెద్దదై, తెలుపూ పసుపూ కలిసిన చారలతో నిటారుగా నిలబడి ఉంటుంది. నాకు చెట్టు మొత్తం కన్నా ఆ ఐదో రేకు ఇష్టం. ఎర్రటి పువ్వుల దగ్గర కెమెరా చెప్పే వెలుతురు లెక్కను గుడ్డిగా నమ్మకు. ఎరుపు త్వరగా పొంగిపోయి రేకు మీది మడతలన్నీ ముద్దగా మారతాయి. ఎక్స్‌పోజర్, అంటే బొమ్మ మీద పడే వెలుతురు, అర స్టాపో, ఒక స్టాపో తగ్గించు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది).

దూరపు దృశ్యాలు మధ్యాహ్నం పూట పక్కన పెట్టు. నేల మీది వేడిగాలి అలలు అలలుగా లేస్తుంటే దూరాన్ని దగ్గర చేసే టెలీ లెన్సు ఎంత మంచిదైనా బొమ్మ కరిగిపోయినట్టే వస్తుంది.

ఎండిన చెరువు అడుగు దగ్గరికి మాత్రం పొద్దు వాలుగా ఉన్నప్పుడే వెళ్లు. నెర్రెలు వాసిన మట్టిలో ఎంత పని జరుగుతుందో! పైపొర ముందు ఎండి ముడుచుకుంటుంది, అడుగున ఇంకా తడి ఉంటుంది, అందుకే మట్టిపెళ్లల అంచులు పైకి లేస్తాయి. కొత్తగా ఎండిన బురదలో ఒక నెర్రె ఇంకోదాన్ని ఎక్కువగా అడ్డంగా, లంబకోణంలో తగులుతుంది. తడిసి ఎండి, తడిసి ఎండి ఎన్నోసార్లు అయిన చోట మూడు నెర్రెలు దాదాపు సమానమైన కోణాల్లో కలుస్తాయి, పెళ్లలు ఆరు పక్కలవిగా మారుతూ వస్తాయి. అంటే ఫోటో చూసి ఆ నేల చరిత్ర కొంత చెప్పొచ్చు. ఏటవాలు ఎండలో ప్రతి అంచుకూ నీడ పడి లోతు తెలుస్తుంది.

ఎండ ఎంత పని చేస్తుందో ఇంకో సంగతి చెబుతాను. వృక్షశాస్త్రం తెలిసిన ఆన్నా అట్కిన్స్ అనే ఇంగ్లండు మహిళ 1840ల్లో అసలు కెమెరాయే లేకుండా మొక్కల బొమ్మలు తీసింది. రసాయనం పూసిన కాగితం మీద సముద్రపు నాచును పరిచి ఎండలో పెట్టేది. తర్వాత నీళ్లతో కడిగితే ఎండ తగిలిన చోటంతా ముదురు నీలం, నాచు ఉన్న చోట తెలుపు. దారమంత సన్నటి పాయలు కూడా చెక్కుచెదరకుండా వచ్చాయి. ఫోటోలతో వచ్చిన మొట్టమొదటి పుస్తకం ఆమెదేనంటారు. ఆ పని చేసిపెట్టింది సూర్యుడే. నీకు చెప్పాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

నీళ్ల కోసం వచ్చే పిట్టల జోలికి మాత్రం మరీ దగ్గరగా పోవద్దమ్మా. ఈ కాలంలో వాటికి ఒక్క గుక్క చాలా విలువైనది. నువ్వు దగ్గరికెళ్లావని అది తాగకుండా ఎగిరిపోతే, ఆ ఫోటో ఎంత బాగా వచ్చినా నాకు చూపించొద్దు. గూళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

టోపీ పెట్టుకో, నీళ్ల సీసా మరిచిపోకు. ఎండలో ఆపి ఉంచిన కారులో కెమెరా వదిలేయకు. తీసినవన్నీ పంపు, బాగా రానివి తీసేయకుండా. ఏది ఎక్కడ నిలబడి తీశావో పక్కన ఒక ముక్క రాస్తే, నా అభిప్రాయం వివరంగా రాస్తాను.

ప్రేమతో,
నాన్న