పాట రాని పిల్లలకు మన యూత్‌లో ఏముంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం పిల్లల పేజీ, దాని వెనకాల వేసే ఉద్యోగ పరీక్షల జనరల్ నాలెడ్జ్ బిట్లు, రెండూ నేను చదువుతాను. సికింద్రాబాద్‌లో ఒక చర్చిలో యూత్ ఫెలోషిప్, అంటే యువజనుల కూటమి, చూసుకునేవాళ్లలో నేనొకదాన్ని, అంతకుముందు చాలాకాలం సండే స్కూల్లో పాఠాలు చెప్పాను. ఈ ఉత్తరం ముఖ్యంగా జంటనగరాల్లోని పాస్టర్ గార్లకు, సంఘ పెద్దలకు, యూత్ లీడర్లకు. వాళ్లలో చాలామంది మీ పత్రిక తెప్పించుకుంటారు కాబట్టి మీ ద్వారా చెబుతున్నాను.

మా యూత్ మీటింగ్ అంటే ఆదివారం ఆరాధన అయ్యాక గంటన్నర. పాటలు, సాక్ష్యం, ఒక సందేశం, ప్రార్థన, తర్వాత సమోసా, టీ. ఇవన్నీ ఉండాల్సినవే, వీటిలో ఏదీ తగ్గించమని నేను అడగడం లేదు. కానీ ఒక్కసారి హాల్లో వెనక వరస చూడండి. గొంతు ఉన్న పిల్లలకు క్వాయర్, అంటే పాటల బృందం, ఉంది, కీబోర్డు, గిటారు, ప్యాడ్స్ వాయించేవాళ్లకు స్టేజీ ఉంది, మాట్లాడగలిగినవాళ్లకు మైకు ఉంది. మరి పాట రాని పిల్లవాడికి? కుర్చీలు వేసే పని, వైర్లు చుట్టే పని, డిసెంబరు వస్తే స్టార్ కట్టే పని. ఇరవై ఏళ్లు వచ్చేదాకా అవే చేసి ఒకరోజు రావడం మానేస్తాడు, అప్పుడు మనం "లోకంలో పడిపోయాడు" అంటాం. వాడికి ఏమిష్టమో ఎప్పుడైనా అడిగామా? మా దగ్గర ఒక అమ్మాయికి నగరంలో ఏ బస్సు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో నంబర్లతో సహా నోటికొచ్చు. ఒక అబ్బాయి పనికిరాదని పడేసిన రేడియో తెచ్చి, విప్పి, మళ్లీ పలికిస్తాడు. ఇలాంటి పిల్లలు ప్రతి సంఘంలో ఉంటారు, వాళ్లకు మన కార్యక్రమంలో అయిదు నిమిషాలు కూడా లేవు.

ఇక జనరల్ నాలెడ్జ్ సంగతి. మన దగ్గర క్విజ్ అంటే బైబిల్ క్విజ్ ఒక్కటే, అది కూడా ఎవరి తండ్రి ఎవరు, ఏ పుస్తకంలో ఎన్ని అధ్యాయాలు అనే లెక్క. బయట జనరల్ నాలెడ్జ్ అంటే గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పరీక్షకీ బట్టీ పట్టే బిట్లు. రెండింట్లోనూ పిల్లలు కంఠతా పట్టి, ప్రైజు తీసుకుని, వారం తిరిగేసరికి మర్చిపోతున్నారు. తాము రోజూ నడిచే రోడ్డు మీద ఏముందో, అది ఎందుకక్కడ ఉందో అడిగే అలవాటు మాత్రం రావడం లేదు.

"ఇది ప్రార్థనా మందిరమమ్మా, క్లబ్బు కాదు" అని పెద్దలు అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, గౌరవంగానే జవాబు చెబుతాను. అసలు సండే స్కూల్ ఎలా పుట్టింది? 1780లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో, వారమంతా పనిచేసి ఆదివారం వీధుల్లో తిరిగే పేద పిల్లలకు చదవడం నేర్పడానికి రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టించాడు. ఆయన ఒక పత్రిక సంపాదకుడు, మీకు ఇది నచ్చుతుందనుకుంటాను, ఆ బడుల గురించి తన పత్రికలో వేశాకే అవి దేశమంతా పాకాయి. వైఎంసీఏ అనే యువజన సంఘం 1844లో లండన్‌లో మొదలైంది. దాని శిక్షణ కాలేజీలోనే, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, 1891 చలికాలంలో బయట ఆడలేక విసిగిపోయిన కుర్రాళ్ల కోసం జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు గోడలకు పండ్ల బుట్టలు కట్టించి బాస్కెట్‌బాల్ ఆడించాడు. నాలుగేళ్లకు ఇంకో వైఎంసీఏలో విలియం మోర్గాన్ వాలీబాల్ కనిపెట్టాడు. మన నారాయణగూడ వైఎంసీఏ ముందు నుంచి రోజూ వెళ్లే పిల్లల్లో ఈ రెండు ఆటలూ ఒక క్రైస్తవ యువజన సంఘంలో పుట్టాయని ఎంతమందికి తెలుసు? ఇంకొకటి చెబుతాను, ఇది విన్నప్పుడు నాకు చాలా సంతోషమేసింది. మన దేశంలో మొదటి ఓపెన్ క్విజ్, అంటే ఎవరైనా పాల్గొనగలిగే క్విజ్, 1967లో కలకత్తాలో జరిగింది, నిర్వహించింది నీల్ ఓబ్రయన్, జరిగిన చోటు క్రైస్ట్ ది కింగ్ చర్చి పారిష్ హాలు. చర్చి హాలులోనే! మన హైదరాబాద్‌లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్బు 1972లో మొదలైంది. అంటే ఈ అలవాటు మన ఊరికీ కొత్త కాదు, మన హాళ్లకూ కొత్త కాదు.

బైబిల్ వాక్యం నుంచే చూద్దామన్నా అంతే. దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు కల్దీయుల విద్య, భాష నేర్చుకున్నారు, విశ్వాసం మాత్రం వదల్లేదు. సొలొమోను లెబానోను దేవదారు మొదలుకొని గోడల్లో మొలిచే హిస్సోపు దాకా చెట్ల గురించీ, జంతువులు, పక్షులు, పాకే పురుగులు, చేపల గురించీ మాట్లాడాడని మొదటి రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో ఉంది. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వాళ్ల మాటలు వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనబడ్డాడు. మన పిల్లలు ప్రశ్న అడిగితే మనకెందుకు టెన్షన్?

ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఏమేం చేయొచ్చో నాకు తోచినవి రాస్తాను. అన్నిటికంటే ముందు ఆకాశం. ఈ జనవరి రాత్రుల్లో ఎనిమిది, తొమ్మిది గంటలకు ఏ చర్చి మేడ ఎక్కినా మృగశీర్ష కనబడుతుంది, నడుమున వరసగా మూడు చుక్కలు. దానికి కొంచెం పైన కృత్తికలు, మా అమ్మమ్మ వాటిని పిల్లలకోడి అనేది. సికింద్రాబాద్ లైట్లలో కూడా కళ్లు చికిలించి చూస్తే దొరుకుతాయి. ఈ రెండు పేర్లూ బైబిల్లో యోబు 38వ అధ్యాయంలో ఒకే వచనంలో ఉన్నాయి. ఆ అధ్యాయం మేడమీద చదివించి, అప్పుడు తలెత్తి చూడమనండి, పిల్లల ముఖాలు చూడండి. ఆ తర్వాత బేగంపేట సంగతి చెప్పాలి. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి పెద్ద టెలిస్కోపు తెప్పించి మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ ఆ తర్వాత బేగంపేటకు మారింది. అప్పటికే ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని, తమ వాటాలో ఉన్న చుక్కలన్నిటినీ ఫొటో తీసి లెక్కగట్టాలని పని పెట్టుకున్నాయి, 1887లో పారిస్‌లో అనుకున్న పని అది. అందులో మన నగరానికి వచ్చిన వాటా పూర్తి చేసి 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. అదే పనిలో వాటికన్ అబ్జర్వేటరీ కూడా ఉంది, అక్కడ 1910 నుంచి 1921 వరకు ఫొటో పలకల మీద చుక్కలు కొలిచినవాళ్లు నలుగురు సిస్టర్లు, అంటే క్రైస్తవ సన్యాసినులు: ఎమీలియా పోంజోని, రెజీనా కొలొంబో, కొన్చెత్తా ఫినార్ది, లుయీజా పాంచేరి. ఒక సిస్టర్ మైక్రోస్కోపులో చూస్తూ అంకెలు చదివితే ఇంకొకరు రాసుకునేవారు. మొత్తం 4,81,215 నక్షత్రాలు. హైదరాబాద్, వాటికన్ ఒకే పటం కోసం పనిచేశాయి! సైన్సు మనది కాదు అనుకునే అమ్మాయికి ఈ నలుగురి కథ చెప్పి, తర్వాత నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్తే ఆమె ఇంటికొచ్చి ఏమడుగుతుందో ఊహించండి.

బేగంపేటలోనే రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఉంది. 1897 ఆగస్టు 20న ఆయన ఇక్కడే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు, 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలకు తన రక్తం ఇచ్చిన రోగి హుసేన్ ఖాన్, ఒక్కో దోమ కుట్టినందుకు ఒక అణా ఇచ్చారు. కనుక్కున్న తర్వాత రాస్ దేవుణ్ణి స్తుతిస్తూ పద్యం రాసుకున్నాడు. ఇది చెప్పకుండా మన పిల్లలకు "మలేరియా దేనివల్ల వస్తుంది" అనే బిట్ చెప్పి ఏం లాభం?

చర్చిల నడక పెట్టుకోండి. 1813 నాటి సెయింట్ జాన్స్, 1850లో కట్టిన సెయింట్ మేరీస్, ఇప్పుడది బాసిలికా, అంటే పోప్ ప్రత్యేక హోదా ఇచ్చిన చర్చి, రెండూ సికింద్రాబాద్‌లోనే. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసఫ్స్ కెథడ్రల్‌కు వెళ్లినప్పుడు పక్కనే ఫిరంగులు పోతపోసిన కార్ఖానా గురించి, దాన్ని పెట్టించిన ఫ్రెంచి సేనాని రేమండ్ గురించి చెప్పొచ్చు. ఒక రోజంతా దొరికితే మెదక్. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ చర్చిని కరువు రోజుల్లో కూలీలకు పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొరగారు కట్టించారని మన పెద్దలందరికీ తెలుసు, పిల్లలు మాత్రం అక్కడ సెల్ఫీ దిగి బిర్యానీ తిని వస్తున్నారు. రంగు అద్దాల కిటికీల్లో ఏ కథ ఉందో వాళ్లచేతే చెప్పించండి.

సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, శనివారం వెళ్లొచ్చు. అక్కడ ముసుగు వేసుకున్న రెబెకా విగ్రహం దగ్గర అందరూ ఆగుతారు, పాలరాయిలో ముసుగు లోంచి ముఖం కనబడేలా ఇటలీ శిల్పి బెంజోని చెక్కాడు. ఆది కాండం 24లో ఇస్సాకును దూరం నుంచి చూసి రిబ్కా ముసుగు వేసుకున్న ఘట్టం అదే. మన పిల్లల్లో చాలామందికి ఆ విగ్రహం తెలుసు, ఆ అధ్యాయమూ తెలుసు, రెండూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు.

స్టాంపులు, పక్షులు, చదరంగం, ఇంకా చాలా ఉన్నాయి. హైదరాబాద్ సంస్థానానికి 1869 నుంచే సొంత స్టాంపులు ఉండేవి. మన దేశం 1964లో యేసు శిష్యుడు తోమా గారి మీద, 1980లో మదర్ తెరెసా మీద స్టాంపులు వేసింది. అబిడ్స్ జీపీఓలో స్టాంపులు సేకరించేవాళ్లకు వేరే కౌంటరే ఉంది. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమనే గుర్తింపు వచ్చింది, చలికాలం పొద్దున్నే వెళ్తే దూరదేశాల పక్షులు కనబడతాయి. ఆకాశపక్షులను చూడమని ప్రభువు చెప్పిన మాట మీద ప్రసంగాలు ఎన్నో విన్నాం, ఒక్క పొద్దున వెళ్లి చూద్దాం.

అమ్మాయిల గురించి వేరుగా చెప్పాలి. బస్తీల్లో చాలా ఇళ్లలో ఆడపిల్లను కాలేజీకీ చర్చికీ తప్ప ఎక్కడికీ పంపరు. డ్రాయింగ్ క్లాసు, చెస్ క్లాసు అంటే ఫీజు, ఆటో ఖర్చు, ఇంట్లో వంద ప్రశ్నలు. చర్చి హాలు అంటే అమ్మ పంపుతుంది. అంటే ఆ పిల్లకు ఏదైనా హాబీ అంటూ ఉండాలంటే అది మన హాల్లోనే మొదలవ్వాలి. మనం ఆ తలుపు ఆదివారం మూడు గంటలు తెరిచి మిగతా వారమంతా తాళం వేసి ఉంచుతున్నాం. కరెంటు బిల్లు ఎవరు కడతారు, సామాను పోతే ఎవరు బాధ్యులు అని కమిటీలో అడుగుతారు, అడగాల్సిందే. రెండు శనివారాలకోసారి, సాయంత్రం నాలుగు నుంచి ఆరు, ఇద్దరు పెద్దవాళ్లు తప్పనిసరిగా ఉండేలా పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. పక్కింటి హిందూ, ముస్లిం పిల్లలు వస్తామంటే రానివ్వండి, బస్తీలో కలిసి ఆడుకునేవాళ్లే కదా.

క్విజ్ పెట్టేవాళ్లకు ఒక మాట. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు అనే ప్రశ్న వద్దు. ఆలోచించి రాబట్టగలిగే ప్రశ్న వేయండి. ఉదాహరణకి, "1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చింది, ఆ తర్వాత నగరానికి ఎగువన రెండు చెరువులు కట్టారు, ఇవాళ మన నల్లాల్లోకి వాటి నీళ్లు కూడా వస్తాయి, అవేవి?" అని అడిగితే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అని పిల్లలు తమలో తాము వాదించుకుని చెబుతారు. జవాబు తప్పయినా ఎలా ఆలోచించారో అడగండి. ప్రైజుగా ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా బదులు ఒక పటం గానీ, చిన్న భూతద్దం గానీ ఇవ్వండి.

సంఘాల్లో రిటైరైన టీచర్లు, రైల్వేలో, బీహెచ్‌ఈఎల్‌లో పనిచేసి వచ్చిన అన్నలు, నర్సు అక్కలు ఎంతోమంది ఉన్నారు. వాళ్లను ప్రసంగం చెప్పమని కాదు, వాళ్లకు వచ్చిన పని ఒక్కటి పిల్లలకు చూపించమని పిలవండి.

మీకు నా విన్నపం ఒకటే. పిల్లల పేజీలో నెలకోసారి పావు పేజీ మన నగరం గురించిన ప్రశ్నలకు ఇవ్వండి, జవాబు కింద అది ఎలా తెలిసిందో నాలుగు లైన్లు రాయండి. అన్ని మతాల యువజన సంఘాలూ దాన్ని కత్తిరించి వాడుకుంటాయి. మే నెలలో జరిగే వీబీఎస్‌కి, అంటే సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడికి, మా కమిటీలు ఫిబ్రవరిలోనే కూర్చుని సిలబస్ ఖాయం చేస్తాయి కాబట్టి, ఈ ఉత్తరం వేయదలచుకుంటే ఈ నెలలోనే వేయగలరు.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్,
సికింద్రాబాద్