చివరి షాటును కొలిచే స్టాప్‌వాచ్‌ను ముందే సరిచూడాలి

సంపాదకులకు,

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో బజర్ మోగే వేళకు పడిన షాటు చెల్లుతుందో లేదో రిఫరీలు మానిటర్ చూసి తేల్చడం సరైన పద్ధతే. కానీ మానిటర్ మీద కాలాన్ని కొలిచే సాధనమే తప్పయితే? 2016 ఫిబ్రవరి 10న ఫోర్ట్ కాలిన్స్‌లో అదే జరిగింది. కొలరాడో స్టేట్, బోయిసీ స్టేట్ జట్ల స్కోరు సమంగా ఉంది. అదనపు సమయంలో మిగిలింది 0.8 సెకను. బోయిసీ ఆటగాడు జేమ్స్ వెబ్ బంతి అందుకుంటూనే వేసిన షాటు బుట్ట వెనకున్న బోర్డుకు తగిలి బుట్టలో పడింది. రీప్లే మీద కనిపించే స్టాప్‌వాచ్ మాత్రం సెకను దాటినట్టు చూపడంతో రిఫరీలు దాన్ని రద్దు చేశారు. రెండో అదనపు సమయంలో కొలరాడో స్టేట్ గెలిచింది. వీడియో నడిచిన వేగానికీ స్టాప్‌వాచ్ వేగానికీ పొంతన లేదని అప్పట్లో ఆ రెండు జట్లూ ఆడిన కాలేజీల లీగు మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్ ఆ తర్వాత ఒప్పుకుంది. ఫలితం మాత్రం మారలేదు.

ఆట గడియారం సరిగ్గా మొదలైతే స్టాప్‌వాచ్‌తో పనే లేదు. సమయం అయిపోయి బోర్డు చుట్టూ ఎర్ర లైటు వెలిగేలోపు బంతి చేతిని వదిలిందా అన్నదే ప్రశ్న. బుట్టలో ఎప్పుడు పడిందన్నది లెక్కలోకి రాదు. గడియారం ఆలస్యంగా మొదలైనప్పుడే, కోర్టులో ఆటగాడు బంతిని తాకిన క్షణం నుంచి వదిలిన క్షణం దాకా విడిగా కొలవాలి. 0.3 సెకను లేదా అంతకు తక్కువ మిగిలి ఉంటే బంతిని పట్టుకుని విసరడం నిబంధన ప్రకారం కుదరదు, తట్టాల్సిందే. కాబట్టి చిక్కంతా 0.4 నుంచి సెకను మధ్యలోనే.

వీడియోను సగం వేగంతో నడుపుతూ పైన స్టాప్‌వాచ్‌ను మామూలు వేగంతో వదిలేస్తే 0.7 సెకను కాస్తా 1.4 అవుతుంది. ఇలాంటి చోట ఫ్రేములు లెక్కపెట్టడమే నమ్మకమైన దారి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో 0.8 సెకను అంటే 24 ఫ్రేములు, 60 అయితే 48. స్లో మోషన్ కెమెరాలు ఇంకా ఎక్కువ తీస్తాయి గనుక ఆ కెమెరా వేగమెంతో రిఫరీకి ముందే తెలియాలి.

కాన్ఫరెన్సులు చేయాల్సింది చిన్న పనే. లైట్లు, బజర్ సరిచూసేటప్పుడే ఆట గడియారాన్ని 10 సెకన్లు రికార్డు చేసి, మామూలు వేగంలోనూ నెమ్మది వేగంలోనూ వెనక్కి వేసి స్టాప్‌వాచ్‌తో పోల్చాలి. సెకనులో పదో వంతు తేడా కనిపించినా ఆ రోజుకు స్టాప్‌వాచ్‌ను పక్కన పెట్టాలి. రెండు జట్ల కోచ్‌లకూ ఆ సంగతి ఆటకు ముందే చెప్పాలి.

కెమెరా చోటు కూడా ముఖ్యమే. ఆటగాడి వెనక నుంచి చూస్తే బంతి వేళ్లను వదిలినా అంటుకున్నట్టే ఉంటుంది. పక్క నుంచి చూస్తేనే మధ్యలో సందు కనబడుతుంది. చేయీ ఎర్ర లైటూ ఒకే ఫ్రేములో పడాలి. చేతిని ఒక కెమెరాలో, లైటును ఇంకో కెమెరాలో చూసి జత కలిపితే ఒక్క ఫ్రేము జారినా 0.03 సెకను తేడా వస్తుంది. కెమెరాలు తక్కువున్న చిన్న జిమ్‌లలోనైనా ఒకదాన్ని కదలకుండా ఈ పనికే బిగించాలి.

— ఒక పాఠకుడు, డెన్వర్