గురకను తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

గురక పెడుతుంటే హాయిగా నిద్రపోతున్నాడని మన దగ్గర ఇప్పటికీ అనుకుంటారు. ప్రతి గురకా జబ్బు కాదు. కానీ మధ్యలో శ్వాస ఆగి, ఉక్కిరిబిక్కిరై లేస్తుంటే స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు ఊపిరాడదు. గంటకు 30 సార్లు, ఆపైన ఇలా జరిగితే తీవ్రమైనదని లెక్క. బీపీ, గుండె జబ్బుల ముప్పూ పెరుగుతుంది.

దీనికి నేను సీప్యాప్ మెషిన్ వాడుతున్నాను. నిద్రలో గాలి దారి మూసుకుపోకుండా మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం ఇది. మొదట్లో మాస్క్ చూస్తేనే టెన్షన్. ముక్కు పక్కనుంచి గాలి లీకై కళ్లలోకి కొట్టేది, తెల్లారేసరికి గొంతు ఎండిపోయేది. మాస్క్ సైజు మార్చి, పట్టీలు సరిచేసి, గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోశాక సర్దుకుంది. పగలు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకోవడం అన్నిటికంటే బాగా పనిచేసింది. ఇవేవీ అమ్మినవాళ్లు చెప్పలేదు, డబ్బా చేతికిచ్చి పంపారు. ఇలాగైతే ఎంతోమంది మెషిన్‌ను అటకెక్కిస్తారు, అదే నా బాధ.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రితో పాటు ఉత్తర తెలంగాణలోని ప్రతి జిల్లా ఆసుపత్రిలో నిద్ర పరీక్షలు పేదలకు ఉచితంగా అందాలి. మాస్క్ వాడకం ఓపికగా నేర్పే మనిషి ఉండాలి. హైదరాబాద్, వరంగల్ మీదుగా వెళ్లే 163వ జాతీయ రహదారిపై రాత్రిళ్లు లారీలు, బస్సులు నడిపేవాళ్లకు ముందుగా ఈ పరీక్ష చేయాలి. స్టీరింగ్ దగ్గర ఒక్క కునుకు పడితే పోయేది ఒక్క ప్రాణం కాదు. వైద్యారోగ్య, రవాణా శాఖలు కలిసి వెంటనే ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హనుమకొండ