ఇకపై మీ పాట మీ ఖాతాలోనే

నమస్తే. మా స్టూడియోలో పాట చేయించుకుని, మా ద్వారానే స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్ లాంటి చోట్ల విడుదల చేసుకున్న వాళ్లందరికీ ఈ కబురు. సూటిగా చెప్పేస్తాను: పాటలు అప్‌లోడ్ చేసిపెట్టే పని మానేస్తున్నాం. రికార్డింగ్, మిక్సింగ్, మాస్టరింగ్ ఎప్పటిలాగే ఉంటాయి. ఇప్పటిదాకా మా ఖాతాలో ఉన్న పాటల్ని మాత్రం ఎవరివి వాళ్లు సొంత ఖాతాల్లోకి మార్చుకోవాలి.

సొంతంగా పాటలు చేసుకునేవాళ్ల దగ్గర స్పాటిఫై నేరుగా పాట తీసుకోదు. మధ్యలో డిస్ట్రిబ్యూటర్, అంటే పాటల్ని ఈ యాప్‌లకు చేర్చే కంపెనీ, ఉండాల్సిందే. ఆ డిస్ట్రిబ్యూటర్ దగ్గర మాకున్నది ఒకటే ఖాతా, అందులోనే మీ అందరి పాటలూ. మీకు ఫారాలు నింపే గోల తప్పింది, మాకూ కాస్త కమీషన్ వచ్చేది. అయితే 2024 నుంచి, దొంగ స్ట్రీమ్‌లు, అంటే మనుషులు వినకుండా యంత్రాలతో ఆడించిన ప్లేలు, మరీ ఎక్కువగా కనబడిన పాటలకు స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్ల మీద జరిమానా వేస్తోంది. ఆ భారం తిరిగి తిరిగి ఖాతాదారు నెత్తినే పడుతుంది. ఒక్కోసారి ఖాతా మొత్తం ఆపేస్తారు కూడా.

మనకు అదే జరిగింది. ప్లేలు తెప్పిస్తామని ఎవరో చెబితే మనవాళ్లలో ఒకరు ప్రమోషన్ ప్యాకేజీ కొన్నారు. ఆ వారం లెక్కలు తెరిస్తే గ్రాఫ్ నిట్టనిలువుగా లేచింది. స్ట్రీమ్‌లు వేలల్లో ఉన్నాయి, విన్నవాళ్లు మాత్రం పదుల్లోనే. దాదాపు అందరూ ఒకే నగరం వాళ్లు, అక్కడ మన భాష వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారో కూడా అనుమానమే. పాటను సేవ్ చేసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ కుర్రాడు మోసపోయాడే తప్ప మోసం చేయలేదు. కానీ విచారణ తేలేదాకా అతని డబ్బుతో పాటు మీ అందరి డబ్బూ ఆగిపోయింది. పాటకు సంబంధం లేనివాళ్లు ఎందుకు నష్టపోవాలి? పైగా రేపు మేం షట్టర్ దించేసినా, డిస్ట్రిబ్యూటర్‌కు ఏడాది రుసుము కట్టలేకపోయినా మీ పాటలు మాయమయ్యే పరిస్థితి ఉండకూడదు.

మార్చుకోవడంలో ఒక్క జాగ్రత్త ముఖ్యం. ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఉంటుంది. పొలానికి సర్వే నంబరు లాంటిదనుకోండి. కొత్త డిస్ట్రిబ్యూటర్ దగ్గర అప్‌లోడ్ చేసేటప్పుడు కొత్త కోడ్ తీసుకోకుండా పాతదే వేయండి. అదే వేవ్ ఫైల్ (పాట అసలు ఆడియో ఫైల్), అదే పేరు, మొదటిసారి విడుదలైన తేదీ కూడా అదే. అప్పుడే పాత స్ట్రీమ్‌ల లెక్క, ప్లేలిస్టుల్లో చోటు సాధారణంగా నిలుస్తాయి. కొత్తది యాప్‌లో కనబడి, పాత లెక్కతో కలిసిందని మీరు చూసి చెప్పాకే మేం పాతది తీయిస్తాం. తొందరపడి ముందే తీయించమని అడక్కండి. మీ పేరు ఇంగ్లిషు స్పెల్లింగూ చూసుకోండి. ఒక పాటకు ఒక 'ఎ', ఇంకో పాటకు రెండు 'ఎ'లు పెడితే ఒకే మనిషికి రెండు ప్రొఫైళ్లు తయారవుతాయి. రెడీమేడ్ లూప్‌లు (ఎవరైనా కొని వాడుకునే సంగీతపు ముక్కలు) వాడిన పాటలకు యూట్యూబ్ కంటెంట్ ఐడీ జోలికి, అంటే వేరేవాళ్ల వీడియోల్లో మీ పాటను పట్టుకునే ఏర్పాటు జోలికి, వెళ్లకండి. అదే లూప్ ఇంకొందరి పాటల్లోనూ ఉంటుంది, అనవసరపు తగాదా.

ఏ డిస్ట్రిబ్యూటర్ మంచిదని చాలామంది అడుగుతున్నారు. నెలకో పాట వదిలేవాళ్లకు ఏడాది రుసుము పద్ధతి గిట్టుబాటు. ఏడాదికి ఒకటీ అరా చేసేవాళ్లు ఒకేసారి కట్టి, వచ్చినదాంట్లో కమీషన్ ఇచ్చే పద్ధతి చూసుకోండి. ఎందుకంటే స్పాటిఫైలో గత 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ రాదు. ఇదీ 2024 నుంచే. మన పాటల్లో సగానికి పైగా ఆ గీత దాటలేదు. ఆ నిబంధన నాకు మింగుడుపడదు. వచ్చేది చిల్లరే అయినా అది పాట చేసినవాళ్లది. కానీ రూపాయి రాని పాటకు ఏటా రుసుము కట్టించడం నాకింకా నచ్చదు. మిమ్మల్ని గట్టిగా అభిమానించేవాళ్లు కొద్దిమందే ఉంటే శ్రోతలకు పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో నేరుగా అమ్మి చూడండి. డిజిటల్ అమ్మకంలో వాళ్ల వాటా 15 శాతం, చెల్లింపు ఖర్చులు వేరే.

ఇప్పటికే తేదీ ఖాయమైన పాటలు మా ఖాతా నుంచే వెళ్తాయి, తర్వాత మారుద్దాం. కొత్తవాటికి కనీసం నాలుగు వారాల గడువు పెట్టుకోండి. ఎడిటోరియల్ ప్లేలిస్టుల (స్పాటిఫై వాళ్లే ఎంచి పెట్టేవి) కోసం స్పాటిఫైకి పాటను విడుదలకు ఏడు రోజుల ముందైనా పంపాలి, ఆ పని ఇక మీ లాగిన్‌తో మీరే చేసుకోవచ్చు.

స్ట్రీమింగ్ డబ్బు నెలలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి పాటలు మారాక కూడా మా ఖాతాలో కొంత పడుతూనే ఉంటుంది. దాంట్లో కమీషన్ తీసుకోం, మొత్తం మీకే పంపుతాం. ఈ నిర్ణయంతో మా రాబడి తగ్గుతుంది, దాచడానికేం లేదు. మిక్సింగ్ ధర మాత్రం ఈ పేరు చెప్పి పెంచం. మీ పాటల కోడ్‌లు, వేవ్ ఫైళ్లు, తేదీలు ఒక షీట్‌లో పెట్టి ఒక్కొక్కరికీ పంపుతున్నాం. పాటలో వాటాదారులు ఇద్దరు ముగ్గురు ఉంటే, ఎవరి ఖాతాలోకి వెళ్లాలో ముందు మీలో మీరు తేల్చుకుని, అందరి ఒప్పుదలతో మాకు రాయండి.